జ్వరం లేకుండా రొట్టె

తెలుగువాడికి రొట్టె అనేది ఒక్కటి కాదు. జొన్నరొట్టె వుంది. సజ్జరొట్టె వుంది. కృష్ణా, గోదావరి జిల్లాలవారికి మందపాటి మూకుడులో సన్నని సెగ మీద నిదానంగా కాలే మినపరొట్టె, దిబ్బరొట్టె అన్నా అదే, వుండనే వుంది. అదృష్టం కలిసివచ్చినవాణ్ణి చూసి, "వాడి రొట్టె విరిగి నేతిలో పడింది" అని లోలోపల కుళ్ళుకోవడానికి సామెత కూడా సిద్ధంగా వుంది. ఇన్ని రొట్టెలున్న భాషలో, మైదాపిండిని పులియబెట్టి, పొంగించి, బట్టీలో కాల్చి అమ్మే ఆ మెత్తని పదార్థానికి మాత్రం మనం సొంతపేరు పెట్టుకోలేదు. కోస్తావాళ్ళు 'బ్రెడ్డు' అని వూరుకున్నారు. హైదరాబాదు వైపు 'డబల్ రొట్టె' అన్నారు. పిండి పొంగి రెండింతలవుతుంది గనుక ఆ పేరు వచ్చిందని కొందరంటారు. బొంబాయినుంచి దిగిన 'పావు' మరొకటి. పోర్చుగీసువారి భాషలో రొట్టెకున్న పేరే మన దేశపు పడమటి తీరంలో పావుగా స్థిరపడింది. మన పిల్లలు మాత్రం అది అరలో సగమనుకుంటారు. ఆ లెక్కన ఒక పావు తిన్నవాడు ఇంకో మూడు తింటేగాని లెక్క పూర్తికాదు.

పేరు సంగతి యెందుకెత్తానంటే, సొంతపేరు పెట్టుకోని వస్తువును మనం ఇంట్లో మనిషిలా చూడం, చుట్టంలా చూస్తాం. చుట్టం యెప్పుడు వచ్చినా, యే అవతారంలో వచ్చినా, నిలదీసి అడగలేం గదా! మన పేటల్లో మంచి తాజా రొట్టె దొరకడం ఇంత గగనమైపోవడానికి ఈ మొహమాటమే కారణమని నా వాదన. చిత్తగించండి.

కోస్తా పల్లెల్లో మా తరం దాకా బ్రెడ్డు అనేది తిండి కాదు, పథ్యం. జ్వరం తగిలితే లంఖణం. లంఖణం తర్వాత పాలూ బ్రెడ్డూ. ఆసుపత్రిలో వున్నవాళ్ళను చూడబోతూ తీసుకువెళ్ళేవి బత్తాయిపళ్ళు, హార్లిక్సు సీసా, బ్రెడ్డు పొట్లం. వీధిలో యెవరి చేతిసంచిలోంచైనా ఆ పొట్లం తొంగిచూస్తే, యెదురైన మొదటి మనిషి అడిగే ప్రశ్న, "యెవరికి బాగాలేదు?" అని.

మాది తెనాలి దగ్గర పల్లె. రొట్టె మా వూరికి బస్సులో వచ్చేది. పట్నంలో అది యెప్పుడు కాలిందో, బస్సులో యెంతసేపు నలిగిందో, కిళ్ళీకొట్టు అద్దాల పెట్టెలో యెన్నాళ్ళు విశ్రాంతి తీసుకుందో యెవరూ అడిగేవారు కారు. తినేవాడు రోగి. అతని నోరు యెలాగూ చేదుగా వుంటుంది. రొట్టె రుచిగా వుండాలని పట్టుబట్టేదెవరు? 1965లో భారత ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ అనే సంస్థను పెట్టి పట్టణాల్లో రొట్టెను ఇంటింటి వస్తువు చెయ్యడానికి పూనుకున్నది. 2000లో ఆ సంస్థ హిందుస్థాన్ లీవర్ వారి చేతికి వెళ్ళిపోయింది కూడాను. ఇంత జరిగినా మన ఇళ్ళల్లో రొట్టెకు జ్వరం వదల్లేదు.

పోనీ, మనకు పిండి పులియబెట్టడం చేతగాదా అంటే, అదీ కాదు. రాత్రి పడుకోబోయే ముందు ఇడ్లీపిండి కలిపిపెట్టి, తెల్లవారి లేవగానే గిన్నె మూత పైకి లేచిందా లేదా అని చూసుకునే జాతి మనది. ఇడ్లీపిండిలో ఆ పని చేసే సూక్ష్మజీవులు పప్పునంటిపెట్టుకునే వస్తాయి. రొట్టెపిండిలో ఈస్టు చేస్తుంది. పిండిలోని చక్కెరను తిని, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. ఆ వాయువు పారిపోకుండా పట్టి వుంచేది అక్కడ మినప్పిండి జిగురైతే, ఇక్కడ గోధుమపిండిలో వుండే గ్లూటెన్ అనే సాగుడు పదార్థం. గోవాలో పూర్వం కల్లుపోసి రొట్టెపిండిని పులియబెట్టేవారు. తాటిచెట్లకు కొదవలేని మన ప్రాంతంలో ఆ ఆలోచన యెవరికీ రాలేదంటే, మన కల్లుకు వేరే గిరాకీ వుండబట్టేననుకోవాలి.

అయితే ఇడ్లీకి జరిగే న్యాయం రొట్టెకు జరగడం లేదు. హోటల్లో నిన్నటి ఇడ్లీ తెచ్చి పెడితే ప్లేటు వెనక్కి నెడతాం, ప్రొప్రయిటరును పిలిపిస్తాం. అదే మనిషి అయిదు రోజుల నాటి రొట్టెను డబ్బిచ్చి కొనుక్కుని, ఇంకా తారీఖు దాటలేదు గదా అని సంతోషిస్తాడు. తారీఖు లోపల వున్నంత మాత్రాన తాజా అయిపోతే, పెన్షను వయసు రాని ప్రతివాడూ నవయువకుడే!

ఇదంతా నేను ఆలోచించవలసి వచ్చింది మా నాన్నగారి మూలంగా. ఆయన యెనభై దాటినవారు. పల్లెలో బడిపంతులుగా చేసి రిటైరై, ఇప్పుడు మాతో సికిందరాబాదులో వుంటున్నారు. పళ్ళు పోయాయి. కట్టించిన పళ్ళు అలవాటు కాక డబ్బాలోనే వుండిపోయాయి. రాత్రిపూట అన్నం అరగదంటారు, చపాతీ నమలలేరు. గ్లాసెడు పాలు తాగి పడుకోవడం మొదలుపెట్టారు. మూడు నెలల్లో చొక్కాలు వదులైపోయాయి. డాక్టరుగారు చూసి, "జబ్బేమీ లేదు. తిండి చాలడం లేదు. మెత్తనిదేదైనా పెట్టండి, రొట్టె పెట్టండి" అన్నారు.

ఆ సాయంత్రం కిరాణా కొట్లో రొట్టె కొని తెచ్చి బల్ల మీద పెట్టాను. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని పొట్లాన్ని చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఒరేయ్, నిజం చెప్పు. డాక్టరు నీతో విడిగా యేమైనా చెప్పాడా?" అన్నారు.

నేనూ మా ఆవిడా నవ్వేశాం. ఆయన నవ్వలేదు. ఒక ముక్క పాలలో నానేసుకుని సగం తిని, గిన్నె పక్కకు జరిపారు. "దీనికి వాసన లేదురా. అన్నానికి వాసన వుంటుంది. ఆఖరికి గంజికైనా వుంటుంది. వాసన లేనిది తింటుంటే మంచంలో వున్నట్టే వుంటుంది" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. అందుకే మాకు మరీ కష్టంగా తోచింది.

మర్నాటినుంచి నేను వాసన వున్న రొట్టె కోసం బయలుదేరాను.

మా పేటలో బేకరీ అని బోర్డున్న దుకాణాలకు లోటులేదు. ఒకదాంట్లోకి వెళ్ళాను. అద్దాల వెనక రంగురంగుల కేకులు పెళ్ళికూతుళ్ళలా కూర్చుని వున్నాయి. రొట్టెలు అడుగు అరలో, తుడుపుగుడ్డ పక్కన వున్నాయి. "ఇవాళ్టివేనా?" అని అడిగాను. "ఫ్రెష్షే సార్" అన్నాడు కుర్రాడు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నాకు ఆ మాట దగ్గరే పట్టుబడింది. 'ఇవాళ్టివేనా' అన్నదానికి కాలం వుంది. 'ఫ్రెష్షు' అన్నదానికి కాలం లేదు. భూతమో, వర్తమానమో, భగవంతుడికే యెరుక. నొక్కి చూస్తే వేలి గుంట అలాగే వుండిపోయింది.

మా అబ్బాయి, "యెందుకు నాన్నా తిరగడం, ఫోనులో చెప్తే పది నిమిషాల్లో వస్తుంది" అన్నాడు. నిజంగానే పది నిమిషాల్లో వచ్చింది. పొట్లం మీద తారీఖు చూస్తే మూడు రోజుల కిందటిది. ఆ పది నిమిషాలూ తెచ్చిన కుర్రవాడివి, రొట్టెవి కావు. చెమటలు కక్కుకుంటూ వచ్చిన ఆ పిల్లవాడి చేత, మూడు రోజులుగా కదలకుండా కూర్చున్న రొట్టెను పరుగెత్తించి ప్రయోజనమేమిటి?

ఇలా వారం తిరిగాక, మా వెనక సందులోనే బట్టీ వున్నదని ఇస్త్రీబండి ఆయన చెప్పాడు. యేళ్ళ తరబడి ఆ సందు మొగలోంచి కాలేజీకి పోతున్నాను. బోర్డు లేదు గనుక నా కంటికది బేకరీగా ఆనలేదు. చదువుకున్నవాళ్ళకు బోర్డు వుంటేగాని కనపడదు కాబోలు!

సికిందరాబాదులో రొట్టె బట్టీ వుండడంలో వింతేమీ లేదు. ఈ వూరు 1806లో సికిందర్ జా నవాబు పేర వెలసిన కంటోన్మెంటు. దొరల పటాలాలున్న చోట రొట్టె తప్పదు. తర్వాత ఇరానీ హోటళ్ళు వచ్చాయి. చాయ్‌లోకి బన్నూ, ఉస్మానియా బిస్కెట్టూ వాడుకలోకి వచ్చాయి. దేశవిభజన తర్వాత సింధునుంచి వచ్చిన కుటుంబం 1953లో మొజంజాహి మార్కెట్టు దగ్గర పెట్టిన కరాచీ బేకరీ ఇవాళ దేశమంతటా పేరు. ఈ జంటనగరాల్లో రొట్టె రోగుల తిండి కాదు. పెళ్ళివిందులో నేతిలో వేయించి, పాకంలో, పాలలో నానబెట్టి వడ్డించే 'డబల్ కా మీఠా' ఆ రొట్టెతో చేసేదే. తెనాలి వైపు మంచం పక్కన వుండే పదార్థం ఇక్కడ పెళ్ళిపందిట్లో వుందన్నమాట!

బట్టీ యజమాని గడ్డం నెరిసిన పెద్దాయన. "రొట్టె వుందాండీ?" అంటే, "ఇప్పుడు లేదు సార్. నాలుగున్నరకు రండ్రి, గరంగరం దిగుతది" అన్నాడు. వారం రోజులుగా తిరుగుతుంటే, గడియారం చూసి జవాబు చెప్పిన మొదటి మనిషి ఆయనే.

నాలుగున్నరకు వెళ్ళాను. ఇటుకలతో గుహలా కట్టిన పొయ్యి. లోపల కట్టెలు మండించి, ఇటుకలు బాగా కాగాక నిప్పును పక్కకు లాగేసి, ఆ ఇటుకల వేడిమీదే రొట్టె కాలుస్తారు. ఇద్దరు కుర్రాళ్ళు పొడుగాటి కర్రకు బిగించిన వెడల్పాటి చెక్కతో రేకుడబ్బాలను బయటికి లాగుతున్నారు. పెద్దాయన ఒక రొట్టెను గుడ్డమీద బోర్లించి, అడుగున వేళ్ళతో తట్టాడు. డొల్లుగా మోగింది. "గిట్ల మోగితే లోపల కాలినట్టు. మోగకపోతే పచ్చి" అన్నాడు. మద్దెల శ్రుతి చూసుకునే విద్వాంసుడి ముఖంలా వుంది ఆయన ముఖం.

డబ్బిచ్చి, కోసి ఇమ్మన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "వేడి మీద కోస్తే లోపల ముద్దయితది సార్. గంట ఆగాలె. ఇంటికి తీస్కపోయి, చల్లారినంక మీరే కోసుకోండ్రి" అన్నాడు. ఆయన మాటలో శాస్త్రముంది. పొయ్యి దిగినా రొట్టె లోపల పని పూర్తికాదు. ఆవిరి సర్దుకోవాలి, వుడికిన పిండి గట్టిపడాలి. అప్పుడుగాని కత్తికి లొంగదు.

కాగితంలో చుట్టిన రొట్టెను ఇంటికి తెచ్చి వంటింట్లో పెట్టాను. పావుగంట గడవలేదు, ముందుగదిలోంచి నాన్నగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, యేమిటమ్మా ఆ వాసన?"

గంట ఆగడం ఆయనకు కష్టమైంది. రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చి వెళ్ళారు. మా ఆవిడ పలచగా కోసి, వెన్న రాసి ఇచ్చింది. పాలలో ముంచకుండానే రెండు ముక్కలు తిన్నారు. అంచు ముక్క కూడా చిగుళ్ళతో నాన్చి నాన్చి తిన్నారు. డాక్టరు మాట యెత్తలేదు. "రేపు కూడా వుంటుందా?" అని మాత్రం అడిగారు.

ఆనాటినుంచి పెద్దాయన దగ్గర నేను విద్యార్థినయ్యాను. నేర్చుకున్నదీ, పుస్తకాలు చూసి సరిపోల్చుకున్నదీ పాఠకుల ఇళ్ళల్లో కూడా పనికివస్తుందని చెబుతున్నాను.

రొట్టె గట్టిపడేది ఆరిపోవడం వల్ల మాత్రమే అనుకుంటాం. తడి ఆరకపోయినా గట్టిపడుతుంది. వుడికినప్పుడు విచ్చుకున్న పిండిపదార్థం చల్లారాక మళ్ళీ బిగుసుకోవడమే దానికి ముఖ్యకారణం. ఈ బిగుసుకోవడం ఫ్రిజ్జు చల్లదనంలో మరింత త్వరగా జరుగుతుంది. కనుక ఇవాళా రేపూ తినే రొట్టెను ఫ్రిజ్జులో పెట్టకండి. గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. నాలుగు రోజులు దాచాలంటే ముక్కలు కోసి, ఐసు గడ్డకట్టే అరలోనే పెట్టి, కావలసినప్పుడు తీసి కాల్చుకోండి. పెనం మీద వేడిచేస్తే బిగుసుకున్న రొట్టె కాసేపు మళ్ళీ మెత్తబడుతుంది. చద్దిరొట్టెను పారేయనక్కరలేదు. వుప్మాకు అదే మేలు. డబల్ కా మీఠాకు కూడా తాజాది పనికిరాదు, ఒకరోజు ఆరినదైతేనే విరగకుండా పాకం పీల్చుకుంటుంది.

గోధుమరంగు చూసి మోసపోవద్దు. రంగు కారమెల్‌తో కూడా వస్తుంది. పొట్లం వెనక అచ్చువేసిన దినుసుల పట్టీలో యేది యెక్కువ వుంటే అది ముందు వస్తుంది. 'మైదా' అన్న మాట మొదట వుంటే, ముందువైపు యెన్ని గోధుమ వెన్నుల బొమ్మలున్నా అది మైదారొట్టే. 2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు రొట్టెలు పరీక్షించి, పిండి బాగా పొంగడానికి కలిపే పొటాషియం బ్రోమేట్ వంటి పదార్థాల అవశేషాలు చాలా వాటిలో వున్నాయని ప్రకటించారు. ఆ సంవత్సరమే ప్రభుత్వం బ్రోమేట్ వాడకాన్ని నిషేధించింది. అలాగని పొట్లం రొట్టెలన్నీ విషమని నేననను. బూజు పట్టకుండా కలిపే కాల్షియం ప్రొపియొనేట్ వంటివి చట్టం ఒప్పుకున్నవే. దూరాలకు వెళ్ళే రొట్టెకు అవి కావాలి. కాని వెనక సందులోంచి మన ఇంటికి వచ్చే రొట్టెకు అంత ప్రయాణసన్నాహం దేనికి?

ఇక అసలు మాట. ఒకరోజు వెళ్ళేసరికి పెద్దాయన బయట స్టూలు మీద దిగులుగా కూర్చుని వున్నాడు. కారణం అడిగితే చెప్పాడు. తెల్లవారుజామున కాల్చే బన్నూ పావూ హోటళ్ళవాళ్ళు తీసుకుపోతారు. వాటికి ఢోకా లేదు. సాయంత్రం రొట్టె ఇళ్ళవాళ్ళ కోసం. "ముందుగాల సాయంత్రం రెండుసార్లు దింపుతుంటిమి. ఇప్పుడు ఒక్కసారే. అదీ మిగులుతున్నది. మిగలొద్దని తక్కువ కాలిస్తే కట్టెల పైసలు కూడ ఎల్లవు. పండుగ దాక చూస్త. గిట్లనే వుంటే సాయంత్రం బట్టీ బంద్" అన్నాడు.

ఆ మాటతో నాకొక సంగతి బోధపడింది. రెండొందల గడపలున్న పేటలో మంచి రొట్టె దొరకడం లేదని ప్రతి ఇల్లాలూ అంటూనే వుంది. అదే పేటలో మంచి రొట్టె కొనేవాళ్ళు లేక మిగిలిపోతున్నది. ఇద్దరికీ మధ్య వున్నది ఒక సందు, ఒక గంట. ఇడ్లీ హోటలు యెనిమిదింటికి వేడివేడిగా వడ్డిస్తున్నదంటే, యెనిమిదింటికి ఆకలితో వచ్చేవాళ్ళున్నారు గనుకే. రొట్టెకు మనం వేళ ఇవ్వలేదు. యెప్పుడైనా దొరకాలన్నాం. యెప్పుడైనా దొరికేది యెప్పటిదో అయివుంటుంది.

మా ఆవిడ ఆ సాయంత్రం మేడ మీది ఆడవాళ్ళతో ఈ సంగతి చెప్పింది. ఇప్పుడు యేడిళ్ళవాళ్ళు ముందురోజే యెన్ని కావాలో చీటీ రాసి పంపుతున్నారు. నాలుగున్నరకు మా మెట్ల మీద పిల్లల పరుగు వినిపిస్తుంది. యేడు రొట్టెలతో బట్టీ నిలబడుతుందని చెప్పడానికి నేను వ్యాపారస్థుణ్ణి కాను. పండుగ ఇంకా నెలన్నర వుంది. పెద్దాయన మాత్రం, "యాభై అయితే ఆలోచిస్త సార్" అన్నాడు. ఇంకా నలభైమూడు కావాలి. మీ పేటలో కూడా ఇటువంటి పెద్దాయన యెవరో ఒకరు వుండేవుంటారు. మంచి రొట్టె యెక్కడ దొరుకుతుందని వూరంతా వాకబు చేసేముందు, వెనక సందులోకి వెళ్ళి, యెన్ని గంటలకు దిగుతుందని ఒకసారి అడిగి చూడండి.

మొన్న మా పెదనాన్నగారి అబ్బాయి వూరినుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తూనే బల్ల మీద రొట్టెను చూసి, ముఖం చిన్నబుచ్చుకుని, నా చెవి దగ్గరికి వంగి, "బాబాయికి యెలా వుందిరా?" అన్నాడు మెల్లగా.

పక్కగదిలోంచి నాన్నగారే జవాబు చెప్పారు. "ఆకలిగా వుందిరా. నువ్వూ కూర్చో."